ట్యాంకులో డీజిల్ ఉంది... అయినా ఇంజిన్‌కి ఆకలే!

డీజిల్ అయిపోతే బండి ఆగుతుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ట్యాంకులో సగానికి పైగా డీజిల్ ఉండగానే, సరిగ్గా బలం కావాల్సిన చోట, ఇంజిన్ ఊపిరి తగ్గి చల్లబడిపోతే? దీనికి మెకానిక్కులు వాడే పేరు ‘ఫ్యూయల్ స్టార్వేషన్’. తెలుగులో చెప్పాలంటే ఇంజిన్ ఆకలి. కుండలో అన్నం ఉంది, కంచంలోకి రావట్లేదు. అంతే తేడా.

ఈ జబ్బుతో పోయిన ఎండాకాలం మా ఇంట్లో నెల రోజులు కుస్తీ పట్టాం. ట్రాక్టర్ ఉన్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చే విషయం కాబట్టి, మేం తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా.

మాది కంభం నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డుకి బాగా లోపలున్న ఊరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఎండాకాలంలో ఓ రెండు నెలలు వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి ఊరికొచ్చేస్తా. మా పశ్చిమ ప్రకాశం ఎండాకాలం గురించి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మార్చి దాటితే బోర్లు ఒక్కోటీ చేతులెత్తేస్తాయి. ఉన్న నీళ్లలోనూ చాలాచోట్ల ఫ్లోరైడ్. ఏప్రిల్ వచ్చేసరికి రోడ్ల మీద ఎటు చూసినా నీళ్ల ట్యాంకర్లే.

అలాంటి ఒక ట్యాంకర్ మా చిన్నాయనది. 55 హెచ్‌పీ టర్బో ట్రాక్టర్, వెనక 5000 లీటర్ల ట్యాంకర్. వానాకాలం పొలం పనులకు, మధ్యలో పలక రాయి తోలడానికి, ఎండాకాలం నీళ్లకు అదే బండి. బండి మీద ఇంకా లోన్ ఉంది. ఈఎంఐలో ఎక్కువ భాగం ఈ మూడు నెలల నీళ్ల ట్రిప్పుల మీదే కట్టాలి. మా ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల గుట్ట మీద ఒక కాలనీ ఉంది. అక్కడి బోరు ఎండిపోయాక ట్యాంకర్ వస్తేనే బిందెలు నిండేది.

బండి ఆగిపోయేది సరిగ్గా ఆ గుట్ట ఎక్కుడులోనే.

ఒకే చోట ఎందుకు?

బోరు దగ్గర నీళ్లు పట్టుకుని బయల్దేరితే మట్టసం రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. పాతిక నిమిషాలకు గుట్ట మొదలవుతుంది. గేరు తగ్గించి ఎక్కిస్తుంటే సగం దూరంలో సౌండు మారుతుంది. ఇంజిన్ ఒకసారి గుంజుతుంది, ఒకసారి వదిలేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాభం ఉండదు. ఇంకో ఇరవై గజాలు పోయాక ఆగిపోతుంది. పది నిమిషాలు అక్కడే నిలబెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది, ఎలాగోలా పైకి వెళుతుంది.

ఆగితే ఏముంది, మళ్లీ స్టార్ట్ చేసుకోవచ్చు కదా అనుకోకండి. 5000 లీటర్ల నీళ్లంటే ఐదు టన్నులు. ట్యాంకర్ ఇనుము బరువు దానికి అదనం. మా దగ్గర తిరిగే ట్రాలీలకు, ట్యాంకర్లకు విడిగా బ్రేకులు ఉండేది చాలా తక్కువ. ఆ బరువంతా ట్రాక్టర్ బ్రేకుల మీదే ఆగాలి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఎక్కుడు మధ్యలో బండి వెనక్కి జారితే తిప్పుకోవడానికి చోటుండదు. చిన్నాయన ఎప్పుడూ ఇద్దరు మనుషుల్ని వెంట పెట్టుకుని, వాళ్ల చేతిలో పెద్ద రాళ్లు ఉంచి, ఆగిన వెంటనే చక్రాల కింద వేయించేవాడు. ఆ పని చేసే ఇద్దరిలో ఒకడు ఇంటర్ చదివే మా తమ్ముడు. ఇంట్లో మా పిన్నికి నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

టర్బోకి కూడా ఇది మంచిది కాదు. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఇంజిన్ నుంచి వచ్చే ఆయిలే. ఫుల్ లోడు మీద ఇంజిన్ టక్కున ఆగితే ఆయిల్ కూడా అప్పుడే ఆగుతుంది. కాలిపోతున్న టర్బో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇలా పదే పదే జరిగితే దాని బేరింగులు అరిగిపోతాయి. మామూలు రోజుల్లో కూడా బరువు లాగి వచ్చిన బండిని రెండు నిమిషాలు స్లోలో ఉంచి ఆపమని చెప్పేది అందుకే.

మొదట ఒక షెడ్డులో చూపించాం. “పంపు పోయింది, విప్పి సర్వీసు చేయాలి, నాజిల్స్ కూడా మార్చాలి” అన్నారు. ముప్పై వేల పైమాటే. ఇంకొకాయన టర్బో పోయిందన్నాడు. షెడ్డులో నిలబెట్టి ఎంత రేస్ ఇచ్చినా ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది. ఎక్కడా తడబాటు లేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ మాట వింటే నవ్వొస్తుంది. “నా మెషిన్‌లో బాగానే నడుస్తోందే” అనేది మా ఆఫీసుల్లో అన్నిటికంటే పాత జోకు. ఒక్కరు వాడితే బాగానే ఉంటుంది, లక్ష మంది ఒకేసారి వస్తే కూలిపోతుంది. అందుకే మేం లోడ్ టెస్ట్ చేస్తాం. ట్రాక్టర్‌కి లోడ్ టెస్ట్ అంటే గుట్ట ఎక్కుడే.

పొగ చెప్పే మాట

మా మండలంలోనే ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు. వయసు డెబ్భైకి దగ్గర. ఇప్పుడు పెద్దగా పని చేయడం లేదు, అరుగు మీద కూర్చుని సలహాలు చెబుతుంటాడు. ఆయన్ని అడిగితే బండి చూడకుండానే ఒక ప్రశ్న వేశాడు.

“ఆగే ముందు పొగ ఎట్టా వచ్చాది?”

“పొగేం రాదన్నా. ఉన్నది కూడా తగ్గిపోతాది” అన్నాడు చిన్నాయన.

“అయితే టర్బో జోలికి పోబాకండి. అది గాలి జబ్బు కాదు. డీజిల్ జబ్బు.”

దీని వెనక లెక్క ఇదీ. డీజిల్ ఇంజిన్ బలం అందులోకి వెళ్లే డీజిల్‌ని బట్టి ఉంటుంది. ఆ డీజిల్ పూర్తిగా మండాలంటే సరిపడా గాలి కావాలి. టర్బో చేసే పని గాలిని నొక్కి ఎక్కువగా లోపలికి పంపడం. టర్బో పాడైనా, దాని హోస్ చిరిగినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా గాలి తగ్గుతుంది. డీజిల్ మాత్రం అంతే వస్తుంది. మండకుండా మిగిలిన డీజిల్ నల్లటి పొగై బయటికొస్తుంది. అంటే నల్ల పొగతో బలం తగ్గితే గాలి చాలట్లేదు. పొగ లేకుండా బలం తగ్గితే డీజిల్ చాలట్లేదు. మధ్యమధ్యలో తెల్లగా పొగ కక్కుతూ తడబడితే డీజిల్ పైపులోకి ఎక్కడో గాలి దూరుతోందని అనుమానించాలి.

ఒక్క ప్రశ్నతో సగం ఇంజిన్‌ని పక్కన పెట్టేశాడు ఆయన. మా టీమ్‌లో ఇలాంటి సీనియర్ ఒక్కరుంటే రాత్రిళ్లు ఇంటికెళ్లి పడుకోవచ్చు అనిపించింది నాకు.

రాసుకుంటేనే దొరికింది

డీజిల్ జబ్బే అయితే ఎక్కడ? ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా దారి పెద్దదేమీ కాదు. ట్యాంకు మూత, ట్యాంకు అడుగున జల్లెడ, పైపు, సెడిమెంట్ బౌల్, ఫీడ్ పంపు, రెండు ఫిల్టర్లు, ఆ తర్వాత మెయిన్ పంపు, చివర నాజిల్స్. ఖరీదంతా చివర్లో ఉంటుంది. మనవాళ్ల అనుమానం కూడా ఎప్పుడూ చివరి నుంచే మొదలవుతుంది. మేస్త్రీ మాత్రం “ట్యాంకు మూత కాడి నుంచి రండి” అన్నాడు.

నేను చేసింది ఒక్కటే. ఫోన్‌లో ఒక షీట్ పెట్టి ప్రతి ట్రిప్పూ రాశాను. ఎన్ని గంటలకు బయల్దేరాడు, డీజిల్ ఎంత ఉంది, ఎన్ని నిమిషాలకు బలం తగ్గింది, ఎంతసేపు ఆగితే మళ్లీ నడిచింది. ఐదు రోజుల్లో ఒక్క ట్రిప్పు మాత్రం వేరేగా కనిపించింది. ఆ రోజు బండి ఆగకుండా పైకి వెళ్లింది.

“ఆ రోజు ఏం చేశావు చిన్నాయనా?”

“ఏం చేయలేదు పాపా. డీజిల్ తక్కువుందని గుట్ట కిందనే డబ్బా డీజిల్ పోసినా.”

డీజిల్ ఎక్కువ ఉండబట్టే ఎక్కిందని ఇంట్లో అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ డీజిల్ పోయాలంటే ఇంకో పని కూడా చేయాలి. మూత తీయాలి. ఆ రెండిట్లో ఏది పనిచేసిందో తేలాలంటే ఒకటే మార్చి చూడాలి. మర్నాడు గుట్ట కింద బండి ఆపి, చుక్క డీజిల్ పోయకుండా, మూత మాత్రం తిప్పాం. ‘స్స్...’ మని గాలి లోపలికి లాక్కుంది. ఆ రోజూ బండి ఆగలేదు.

డీజిల్ బయటికి పోయిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. నాలుగు లీటర్లు పోతే నాలుగు లీటర్ల గాలి రావాలి. లేకపోతే ట్యాంకు లోపల వాక్యూమ్ ఏర్పడి డీజిల్‌ని వెనక్కి పట్టుకుంటుంది. వాటర్ బాటిల్ నోట్లో పెట్టుకుని గాలి పోకుండా పీలిస్తే కాసేపటికి నీళ్లు రావు చూడండి, అదే ఇది. అందుకే చాలా ట్యాంకు మూతలకు సన్న బెజ్జం ఉంటుంది. మా బండి మార్కాపురం వైపు పలక రాయి తోలిన బండి. పలకలు కోసే దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. అది డీజిల్ జిడ్డుతో కలిసి ఆ బెజ్జాన్ని సిమెంటులా పూడ్చేసింది. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు. కాబట్టే నిలబెట్టిన పది నిమిషాల్లో మెల్లగా గాలి లోపలికి చేరి, బండి మళ్లీ మామూలుగా నడిచేది.

మూత కడిగి, బెజ్జం ఊది శుభ్రం చేశాక బండి ఆగడం మానేసింది. కానీ చివరి మలుపులో బలం ఇంకా కొంచెం తగ్గుతూనే ఉంది. అంటే రెండో జబ్బు ఒకటి మిగిలే ఉందన్నమాట.

బాటిల్ టెస్ట్

ఇక్కడ చిన్న లెక్క. 55 హెచ్‌పీ ఇంజిన్ ఫుల్ లోడు మీద గంటకు సుమారు 12 లీటర్ల డీజిల్ తాగుతుంది. అంటే నిమిషానికి 200 మిల్లీలీటర్లు. అదే ఊరికే స్లోలో తిరుగుతుంటే గంటకు ఒకటీ రెండు లీటర్లు చాలు. లోడు లేకుండా షెడ్డులో రేస్ ఇచ్చినా ఫుల్ లోడు ఖర్చుకి దరిదాపుల్లోకి కూడా రాదు. షెడ్డులో జబ్బు బయటపడకపోవడానికి కారణం ఇదే. పైగా ఫీడ్ పంపుకి ఇంజిన్ తాగే దానికంటే బాగా ఎక్కువే అందాలి. మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది. ఆ మిగులే మనకు భరోసా.

మేస్త్రీ చెప్పినట్టు ఇంజిన్ చల్లారాక, ఫీడ్ పంపు ముందు పైపు విప్పి, లీటరు బాటిల్‌లో పెట్టాం. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నా. నిమిషంలో లీటరుకు తగ్గకూడదని ఆయన లెక్క. మొదట ధారగా వచ్చి, తర్వాత దారంలా సన్నబడింది. నిమిషానికి పావు లీటరు కూడా నిండలేదు. ఇంజిన్ ఫుల్ లోడు మీద తాగే దానికి బొటాబొటీ. మిగులన్నదే లేదు.

ట్యాంకు ఖాళీ చేసి అడుగున జల్లెడ తీస్తే, దాని మీద నల్లటి జిగురు పొర. డబ్బాల్లో తెచ్చి పోసే డీజిల్‌తో వచ్చిన దుమ్ము, రాత్రిళ్లు ఖాళీ ట్యాంకులో పట్టే చెమ్మ, డీజిల్, నీళ్లు కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులు, అన్నీ కలిసి అట్లా పేరుకుంటాయట. జల్లెడ కడిగి, బౌల్ కడిగి, రెండు ఫిల్టర్లు కొత్తవి వేశాం. విప్పిన ప్రతి జాయింటుకీ కొత్త కాపర్ వాషర్లు వేసి, ప్రైమింగ్ పంపు కొట్టి ఎయిర్ తీశాం. ఈసారి బాటిల్ నిమిషం లోపే నిండింది.

ఆ సాయంత్రం నిండు ట్యాంకర్‌తో గుట్ట ఎక్కినప్పుడు మా తమ్ముడి చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. మొత్తం ఖర్చు ఫిల్టర్లు, వాషర్లతో కలిపి రెండు వేలు దాటలేదు. మేస్త్రీ డబ్బు తీసుకోలేదు. పిన్ని చేసిన అరిసెలు మాత్రం తీసుకున్నాడు.

మంచు కొండల్లోనూ ఇదే గోల

ఈ కథ ఆఫీసు కాల్‌లో చెబితే, కెనడాలో ఉండే మా టీమ్‌మేట్ ఒకతను ఎగిరి గంతేశాడు. గుంటూరు అబ్బాయి. అక్కడ మంచు మీద నడిపే స్నోమొబైల్ పిచ్చి పట్టింది అతనికి. ముందు రెండు స్కీలు, వెనక గొలుసు చక్రంలాంటి రబ్బరు బెల్టు ఉండే బండి అది. గుల్మార్గ్‌లో టూరిస్టులను తిప్పే స్నో స్కూటర్లు చూసే ఉంటారు, వాటికి పెద్దన్నలాంటిది.

ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది. 3000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 30 శాతం తక్కువ. అందుకే కొండల్లో తిరిగేవాళ్లు టర్బో ఉన్న స్నోమొబైల్ కోరుకుంటారు. కాకపోతే అది పెట్రోల్ ఇంజిన్. మన డీజిల్ ఇంజిన్‌కి ఇంధనం తగ్గితే బలం తగ్గి ఆగుతుంది. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే వేడి పెరిగిపోయి, మిశ్రమం వేళకాని వేళ పేలి, పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. కొన్ని సెకన్ల పని అది.

ఇంకో చిక్కు కూడా చెప్పాడు. టర్బో గాలిని నొక్కుతున్నప్పుడు ఆ ఒత్తిడి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌కి ఎదురు నిలబడుతుంది. పెట్రోల్ 3 బార్ ఒత్తిడితో వస్తూ, ఎదురుగా టర్బో గాలి 1 బార్‌తో తోస్తే, మిగిలేది 2 బార్ బలమే. అందుకే టర్బో ఒత్తిడి ఎంత పెరిగితే పెట్రోల్ ఒత్తిడి కూడా అంతే పెరిగేలా రెగ్యులేటర్ పెడతారు. దానికి తగ్గ పంపు లేకపోతే ఎక్కుడులోనే కథ ముగుస్తుంది. మంచు కొండ వాలు మీద బండిని పక్కకు వంచి నడుపుతారు కాబట్టి ట్యాంకులో పెట్రోల్ ఒక మూలకు పోయి పంపు నోరు తేలిపోకుండా కూడా చూసుకోవాలి. పెట్రోల్‌లో నీటి చుక్క ఉంటే పైపులో గడ్డకట్టి దారి మూసేస్తుంది.

మాకు దుమ్ము, వాళ్లకు మంచు. దారి మూసుకుపోవడం మాత్రం ఒకటే.

ఇదే జబ్బు ఒక పెద్ద విమానానికి కూడా వచ్చింది. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్ హీత్రో వస్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777, రన్‌వేకి కాస్త ముందే గడ్డి మీద దిగిపోయింది. ట్యాంకుల్లో ఇంధనం ఉంది. గంటల తరబడి చలిలో ఎగిరినప్పుడు ఇంధనంలోని కొద్దిపాటి నీరు పైపుల్లో మంచులా పట్టుకుంది. దిగే ముందు ఇంజిన్లకు ఎక్కువ బలం కావాల్సి రాగానే ఆ మంచు కదిలి, ఇంధనాన్ని వేడిచేసే పరికరం ముఖద్వారం దగ్గర అడ్డుపడింది. 152 మంది ఉన్నారు, ఎవరూ చనిపోలేదు. దర్యాప్తు తర్వాత ఆ పరికరం డిజైన్‌నే మార్చారు. గంటల తరబడి సజావుగా నడిచి, ఎక్కువ అడిగిన క్షణంలోనే చేతులెత్తేయడం! చదువుతుంటే నాకు మా గుట్ట ఎక్కుడే గుర్తొచ్చింది.

మా నేలకూ ఉంది ఈ ఆకలి

ఈ మాట మా చిన్నాయనది. “మన కథ కూడా అంతే గదా పాపా. శ్రీశైలంలో నీళ్లు, ఈడ ఖాళీ బిందెలు.” వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. అంటే నేను పుట్టకముందు. కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కింద ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైగా పొడవున రెండు సొరంగాలు. వాటిని 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. కానీ సొరంగం తవ్వితే సరిపోదు కదా. నల్లమలసాగర్‌లో మునిగే ఊళ్లకు పునరావాసం, కాలువలు, తూములు, చివరి పొలం దాకా దారి, ఇన్ని కుదరాలి. ఎక్కడ ఒక్కటి ఆగినా చివర్లో ఉన్నవాడికి అందదు. ఆ దారి మొత్తం తెరుచుకునే దాకా మా గుట్ట మీద కాలనీకి ట్యాంకరే గతి. ట్యాంకర్ ఆగకుండా చూసుకోవడం మా చేతిలో ఉన్న పని.

మీ బండికి మీరు చేయగలిగినవి

మేస్త్రీ చెప్పినవి, మేం పాటిస్తున్నవి ఇవి.

వారానికోసారి డీజిల్ మూత తీసి కడగండి, బెజ్జంలోంచి గాలి ఆడుతుందో లేదో నోటితో ఊది చూడండి. మూత పోతే గుడ్డ ముక్క, పాలిథిన్ కవరు కట్టి నడపకండి. కవరు గాలి ఆడనివ్వదు, గుడ్డ దుమ్ముని ఆపదు.

సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టండి. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ పడుతుంది. ఎక్కుడు దారి ఉంటే పావు ట్యాంకు కంటే తక్కువతో బయల్దేరకండి. వాలులో డీజిల్ ఒక పక్కకు పోతే పైపు నోరు గాలి పీలుస్తుంది.

డబ్బా డీజిల్‌ని సన్న మెష్ ఉన్న గరాటాతోనే పోయండి. డబ్బా అడుగున మిగిలిన చివరి గుక్క ట్యాంకులో పోయొద్దు. నీళ్లూ మడ్డీ ఉండేది అందులోనే.

ఫిల్టర్లను బండి ఆగినప్పుడు కాదు, మీటర్‌లో గంటలు చూసి మార్చండి. మా వైపు బోర్లు వేయడానికి తమిళనాడు తిరుచెంగోడు నుంచి లారీలు వస్తాయి. వాటి కంప్రెసర్లను తిప్పేవి పెద్ద పెద్ద డీజిల్ ఇంజిన్లు. మా ఊళ్లో బోరు వేయడానికి వచ్చిన ఒక డ్రైవరు చెప్పాడు: ఎనిమిది వందల అడుగుల లోతులో రాడ్లుండగా ఇంజిన్ ఆగితే జరిగే నష్టం ముందు ఫిల్టర్ ధర లెక్కే కాదట. దుమ్ములో పనిచేసే బండికి పుస్తకంలో రాసిన గంటల కంటే ముందే మార్చేస్తామన్నాడు.

పైపు జాయింట్ల దగ్గర డీజిల్ కారట్లేదని లీకు లేదనుకోకండి. ఫీడ్ పంపుకి ముందున్న పైపులో డీజిల్ పీల్పుతో వస్తుంది. అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి కారకుండా గాలి లోపలికి దూరొచ్చు. ఎండకు గట్టిపడిన రబ్బరు పైపు మార్చేయండి.

ఇక జాగ్రత్త. పంపు నుంచి నాజిల్స్‌కి వెళ్లే సన్న ఇనుప పైపుల జోలికి ఇంజిన్ నడుస్తుండగా వెళ్లొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. అది ఆసుపత్రి కేసు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ 4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలావరకు కామన్ రైల్ ఇంజిన్లు. వాటిలో ఒత్తిడి ఇంకా ఎక్కువ, మురికిని అసలు తట్టుకోవు. వాటికి ఫిల్టరు, మూత, నీళ్లు వదలడం వరకే మన పని. మిగతాది తెలిసినవాళ్లకే వదిలేయండి.

పండక్కి ఊరెళ్లినప్పుడు నాన్న గానీ, మావయ్య గానీ “బండి ఎక్కుడులో గుంజట్లేదురా, పంపు మార్చాలంట” అంటే, వెంటనే డబ్బు పంపడానికి ఫోన్ తీయకండి. రెండు ప్రశ్నలు అడగండి. పొగ ఏ రంగులో వస్తోంది? మూత తీస్తే చప్పుడొస్తోందా? ఆ తర్వాత ఒక లీటరు బాటిల్ పట్టుకుని వాళ్లతోపాటు ట్యాంకు దగ్గరికి నడవండి. మీ ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఎలాగూ ఉంది.